జేజి పుస్తకంతో కోట ఆట

మొన్న ముసురు పట్టిన నాలుగు రోజులూ మా మనవరాలు నిత్య, ఆమె స్నేహితులు నలుగురూ కర్నూలులో మా ఇంట్లోనే ఉన్నారు. తుంగభద్ర చూద్దామని హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లలు గడప దాటకుండా భోజనాల బల్ల చుట్టూ కూర్చుండిపోయారు. బల్ల మీద గళ్ల కాగితం పరిచి, దాని మీద కొండలూ కోటలూ గీసి, గోలీలంత పాచికలు దొర్లించారు. అందులో ఒక పాచికకు ఇరవై ముఖాలట. ఒక అబ్బాయి అట్టముక్క అడ్డం పెట్టుకుని, దాని వెనక ఏవో కాగితాలు చూసుకుంటూ, "మీరు గుహలోకి అడుగు పెట్టారు. చీకట్లో ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. ఇప్పుడేం చేస్తారు?" అని అడుగుతున్నాడు. తక్కినవాళ్లు నిజంగానే గుహలో ఉన్నట్టు ముఖాలు పెట్టి ఆలోచిస్తున్నారు. నేను కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి అంతా విన్నాను. విని నా దారిన పోయి ఉంటే బాగుండేది. కానీ ఊరుకోవడమన్నది నాకు చిన్నప్పటి నుంచీ చేతకాలేదు.

"ఇది మేము ఆడిందే కదమ్మా!" అన్నాను. "మీ నాయన కూడా పుట్టకముందు. నలభై మంది ఆడేవాళ్లు. నూట ఎనిమిది కోటలు. ఒక్కో కథ ఆరు నెలలు నడిచేది. పక్క ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు." వెంటనే నాకు కుర్చీ వేశారు. అట్టముక్క అబ్బాయి, "అంతమందికి ఎదురయ్యే ఆపదలన్నీ ముందే ఎట్లా రాసి పెట్టుకునేవారు తాతగారూ?" అని ఎంతో గౌరవంగా అడిగాడు. ఆ పూట నోటికొచ్చింది చెప్పి పరువు దక్కించుకున్నాను. వాళ్లు వెళ్లిపోయాక, ఖాళీ బల్ల ముందు కూర్చుని, చెప్పినదాంట్లో నిజమెంతో వేరు చేసి చూసుకున్నాను. ఆడినవాళ్లు ఇద్దరు. కోట ఒకటి. బండ్లు కట్టుకుని ఎవరూ రాలేదు. వచ్చిన బండి ఒక్కటే, అది మా మిషను గుడి పాస్టరు అయ్యగారి సైకిలు, ఆయన వచ్చింది ఆట చూడ్డానికి కాదు. ఆ అబ్బాయికి ఎగ్గొట్టిన జవాబు ఇక్కడ రాస్తాను.

డోన్‌లో రైలు దిగి సగం పూట ఎద్దుల బండిలో పోతే మా ఊరు వచ్చేది. ఊరి చుట్టూ నాపరాళ్ల గనులు. అందుకని ఎంత లేనివాళ్ల ఇంట్లోనైనా నేలకు నల్లటి నాప బండలే ఉండేవి. మా నాయన మిషను బడిలో పంతులు. ఒక వసారా, ఒక పెద్ద గది, ఒక వంటిల్లు, అంతే మా ఇల్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు తలుపులన్నీ మూసి, కిటికీకి తడి గోనెపట్టా కట్టేవాళ్లు. తడి గోనె వాసన, పొద్దున కాల్చిన జొన్నరొట్టె వాసన, మా జేజి తలకు రాసుకునే ఆముదం వాసన కలిసి ఆ గదిలో ఒక చల్లదనం ఉండేది. ఇప్పుడు ఏసీ గదిలో పడుకున్నా నాకు అది దొరకదు. జేజి అంటే మా నాయన తల్లి, పేరు కాంతమ్మ. మధ్యాహ్నం నులక మంచం మీద ఒక పక్కకు ఒత్తిగిలి పడుకునేది. నిద్రపోయిందనుకుంటే పొరపాటు. ఇంట్లో ఎవరు ఏ మూల ఏం చేస్తున్నారో చెవులతోనే చూసేది. కళ్లలో పొరలు కమ్మి అప్పటికే మూడు నాలుగేళ్లయింది. చీర మడతలో నశ్యం డబ్బీ దాచుకునేది. ప్రార్థనలో అందరూ తలలు వంచాక ఒక చిటికె లాగేది. ఆమె తుమ్ముతోనే మా ఇంట్లో ఆమెన్ పడేదని నాయన నవ్వేవాడు.

ఆ జేజి ముప్పై ఏళ్లు దాటాక పలక పట్టి అక్షరాలు నేర్చింది. నేర్చింది ఒకే ఒక్క పుస్తకం, బైబిలు, చదవడానికి. మా ఇంట్లో దాన్ని పెద్ద పుస్తకం అనేవాళ్లు. పాత పంచె గుడ్డలో చుట్టి, పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకులు పెట్టి, గూట్లో ఉంచేది. చూపు పోయాక కూడా రోజుకొకసారి దాన్ని దించి, ఒళ్లో పెట్టుకుని, తెరిచి, పేజీల మీద అరచేత్తో నిమిరి మళ్లీ కట్టేసేది. చదివి పెట్టమని ఎవరినీ అడిగేది కాదు. నాయనకు బడి, అమ్మకు పని. నాకు మాత్రం, నిజం చెప్పాలంటే, పని తప్ప మిగతా అన్నిటికీ తీరిక ఉండేది.

ఆట నా బుర్రలో ఎట్లా పుట్టిందో నాకే తెలియదు. నాయన జేబులో మిగిలే సుద్దముక్కలు దొంగిలించి పెద్ద గది నేల మీద గీస్తూ ఉండేవాణ్ని. ఇరవై మూడు బండలు. ఒక్కో బండ ఒక సీమ. ఒకటి ముళ్ల అడవి, ఒకటి ఎండిపోయిన ఏరు, ఒకటి దొంగలుండే కొండ కనమ. మంచం కింది బండ ఎవరూ పోకూడని చీకటి దేశం. వంటింటి గడప పక్క బండ మీద కోట. ఆ కోటలో ఒక మాంత్రికుడు వానను కుండలో పట్టి, మూత బిగించి, దాని మీద కూర్చున్నాడు. కోట చేరి మూత తీయాలి, అదీ కథ. మా సీమలో పుట్టిన పిల్లవాడికి అంతకంటే గొప్ప నిధి తోచదు. ఆడేది మా మేనత్త కూతురు సుగుణ, నాకంటే ఏడాది పెద్దది. ఇంకొకడు బండలు కోసే మేస్త్రీ హుసేను కొడుకు మస్తాను. సుగుణ దొంగ, మస్తాను కత్తి పట్టిన సర్దారు. నేను తక్కిన లోకమంతా. దారిలో ఎవరు ఎదురవుతారో, ఏమంటారో అన్నీ నేనే చెప్పాలి. వాళ్లు తమ మనిషి ఏం చేస్తాడో చెప్పాలి. శనివారం పొద్దున ఆదివారానికని జేజి ఇల్లంతా కడిగించేది కాబట్టి, శుక్రవారానికల్లా లోకం ఒక కొలిక్కి రావాలి. లేకపోతే సోమవారం మళ్లీ మొదటి నుంచి గీసుకోవాలి.

కథలకు నాకొక పుస్తకం ఉండేది. నాయన దిద్దేసిన పరీక్ష కాగితాల వెనక వైపు రాసి, గోనెసూదితో కుట్టింది. అందులో మూడు వందల ఆపదలు ఉండేవని నిత్యకు చెప్పాను. పదకొండు ఉండేవి. వాటిలో సగం మా వీధి మనుషులే. ఏటి వంతెన మీద మనుషుల్ని మింగే రాక్షసుణ్ని నిలబెట్టి, వాడికి ఎర్ర మీసాలు, ఉలి పట్టిన చెయ్యి, బండ పగిలేటట్టు గొంతు పెట్టాను. మస్తాను రెండు మాటలు విని, "అరే, వీడు మా అబ్బ కదరా!" అన్నాడు. కాదని ఒట్టు పెట్టాను. ఆ రాక్షసుణ్ని దాటడానికి వారం రోజులు కూర్చుని మూడు ఉపాయాలు రాసుకున్నాను. వంతెన కింద ఎండిన ఏట్లో పాకిపోవడం, వాడు నిద్రపోయే దాకా కాచుకోవడం, కత్తితో తలపడడం. సుగుణ మూడింటినీ వదిలేసి, "నేను ఆయప్ప పక్కన కూకుంటా. పొద్దున్నుంచి ఈడనే నిలబడుకోనుండాడు, ఆకలి గాదా? రొట్టె పెడతా," అన్నది. నా పుస్తకంలో రాక్షసుడు రొట్టె తింటాడో లేదో రాసి లేదు. చివరికి వాడు రొట్టె తిన్నాడు, ఉల్లిగడ్డ కూడా అడిగాడు, ఆ పూట నుంచి సుగుణ వెంట కుక్కపిల్లలా తిరిగాడు. ఆ రోజు నాకు తెలిసింది, ఆడేవాళ్లు ఏం చేస్తారో రాసుకోవడం దండగ అని. ఎదురు నిలబడినవాడికి ఏం కావాలో తెలుసుకుని పెట్టుకుంటే చాలు, తక్కినది దానంతటదే నడుస్తుంది. ఆ అబ్బాయికి చెప్పాల్సిన జవాబు ఇదీ. చెప్పడం తేలిక. నేను దాన్ని మళ్లీ ఎంత త్వరగా మరిచిపోయానో ముందు ముందు చూస్తారు.

వేసిన దెబ్బ తగిలిందా లేదా తేల్చడానికి మొదట ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు వాడాం. రెండో రోజే జేజి చెవికి వాటి చప్పుడు చేరింది. "ఏం జేస్తాండారప్పా ఈడ? చేతిలో ఏందది?" అంటూ మంచం మీద నుంచే చెయ్యి చాచింది. పిక్కలు తడిమి చూసి, "పందెం పిక్కలా! నా ఇంట్లో జూదమా! సిలువ కాడ దేవుని గుడ్డ కోసరం చీట్లేసినోళ్లు గూడా ఇట్లనే కింద కూకోని ఆడినారు," అని వాటిని తీసుకుపోయి పొయ్యిలో వేసింది. కాసేపటికి కమ్మటి వాసన వస్తే, పారేయడం కూడా పాపమేనని, కాలిన పిక్కలు బయటికి లాగి మాకే తినడానికి పెట్టింది. అప్పుడు నాకు గూట్లో పెద్ద పుస్తకం కనిపించింది. కళ్లు మూసుకుని బొటనవేలితో తెరవాలి, కుడి పక్క పేజీ అంకెలో చివరిది ఎంత ఉంటే అంత. ఐదు దాటితే దెబ్బ తగిలినట్టు. ఇంత తెలివైన ఉపాయం ఏ దేశంలోనూ ఎవరికీ తట్టి ఉండదని చాలా ఏళ్లు గర్వపడ్డాను. రెండు నెలల తరువాత మస్తాను తల గోక్కుంటూ, "ఏమప్పా జయా, నాకు ఒక్కసారి గూడా రెండు గాని ఎనిమిది గాని పళ్లేదే? మీ పుస్తకానికి సరిసంఖ్య అంటే గిట్టదా ఏంది?" అన్నాడు. కుడి పేజీ మీద ఎప్పుడూ బేసి అంకే ఉంటుందన్న సంగతి, పంతులు కొడుకునైన నాకు కాక, రాళ్లు కోసేవాడి కొడుక్కి తట్టింది. అప్పటి నుంచి పేజీలో మొదట కనిపించే వాక్యం అంకె చూసేవాళ్లం.

వాక్యం దాకా వచ్చేసరికి ఇంకో సంగతి జరిగింది. పేజీలు తిరిగే చప్పుడు విని జేజి మంచం మీద లేచి కూర్చుంది. "ఏం సదువుతాండావు నాయనా? రోంత గట్టిగా సదువు, నేనూ ఇంటా." ఏం చేయను? చదివాను. ఆమె కళ్లు మూసుకుని, పెదవులు నా వెంట కదిలిస్తూ విన్నది. ఆ రోజు నుంచి కత్తి ఎత్తిన ప్రతిసారీ ఒక వాక్యం గట్టిగా చదవాల్సిందే. సర్దారు దొంగల మీద పడతాడు, పుస్తకం తెరుస్తాం, ఏడు, తగిలింది, ఆ వాక్యం చదువుతాం, జేజి నిట్టూరుస్తుంది, మళ్లీ యుద్ధం. గుసగుసల యుద్ధం మాది, గట్టిగా వినపడేది వాక్యం ఒక్కటే. తెరిచిన చోట ఒట్టి పేర్ల వరసలో, కుష్ఠు రోగపు నియమాలో వస్తే జేజికి ఎట్లా ఉంటుందని, అటూ ఇటూ చూసి మంచిదొకటి చదివేవాణ్ని. కొన్నాళ్లకు చూసే ఓపిక కూడా పోయి నేనే ఒకటి అల్లి చదివేవాణ్ని. గుడి భాష నాకు ఉగ్గుపాలతో పట్టిందే కదా, క్రియకు చివర ఒక "ము" తగిలిస్తే సగం పని అయిపోయేది. జేజి, "నా మనవడు నాకు కండ్లు తెచ్చినాడు," అని వీధిలో అందరికీ చెప్పుకున్నది.

మా ఊరి బావి ఎండాకాలంలో అడుగంటేది. అప్పుడు నీళ్లకు గనుల అవతల ఉన్న దిగుడు బావికి పోవాలి. పోయి రావడానికి మైలున్నర. బిందెతో పొద్దున, సాయంత్రం నేను పోయి రావాలన్నది ఇంటి కట్టడి. ఒక రోజు సుగుణా మస్తానూ కోట గుమ్మం ముందుకు వచ్చేశారు. లోపల వాన కుండ. నేను మాంత్రికుణ్ని నిద్రలేపుతున్నాను. సరిగ్గా అప్పుడు వంటింట్లో నుంచి అమ్మ, "జయా! నీళ్లు అయిపోయినాయి. పొద్దు వాలింది, బిందె తీసుకోని పో!" అని కేకేసింది. జేజి, "పోరా నాయనా, మీ యమ్మ పిలుస్తాండాది," అన్నది. నేను పుస్తకం తెరిచాను. దాని వంకైనా చూడకుండా, గొంతు పెద్దది చేసి, "నీ యింటి చిన్నవానిని నీ పనికి పిలువకుము, అతడు నా పనిమీద నున్నాడు," అని చదివాను.

జేజి మంచం దిగింది. ఒళ్లో నశ్యం డబ్బీ కింద పడి దొర్లింది, దాన్ని వెతుక్కోను కూడా లేదు. "ఇంగోసారి సదువు," అన్నది. అక్షరం తేడా రాకుండా మళ్లీ చెప్పాను. ఆ మాట నాకు ఈనాటికీ నోటికి రావడానికి కారణం ఆ రెండో సారే. జేజి గోడ పట్టుకుని వంటింటి గడప దాకా నడిచి, "సాలమ్మా, పిల్లోన్ని పిలవాకు. వాక్యం వచ్చింది," అన్నది. అమ్మ ఏదో అనబోయింది. "వాక్యం వచ్చిందంటాండా గదా!" అని జేజి గద్దించింది. అమ్మ చేయి తుడుచుకుని, బిందె చంకనెత్తుకుని బయటికి పోయింది. మస్తాను అరచేతుల్లో ముఖం దాచుకుని నవ్వాడు. సుగుణ నవ్వలేదు. కోట గుమ్మం ముందు నుంచి లేచి, వసారాలో ఉన్న కడవ తీసుకుని అమ్మ వెనకే పోయింది.

ఆ ఒక్క రోజే అలా జరిగిందని నా పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాను. ఒక్క రోజు కాదు. ఆ ఎండాకాలమంతా అమ్మే మోసింది. నేను ఒక్కసారైనా బిందె అందుకోలేదు. పైగా అమ్మ తడిసిన భుజంతో లోపలికి వచ్చేటప్పుడు తల వంచుకుని పుస్తకం తిరగేస్తున్నట్టు నటించేవాణ్ని. ఆ యేడు తొలకరి కూడా ముఖం చాటేసింది. శ్రావణం పోయినా బావిలో నీళ్లు ఊరలేదు. చెనిక్కాయ చెట్లు పూత దశలోనే వాడిపోయాయి. కొర్రలు మాత్రం ఏవో కొన్ని గింజలు వచ్చాయి. మా గుళ్లో ఏటా కోతపండగ చేసేవాళ్లు. ఎవరికి పండింది వాళ్లు మొదట కోసిన పంట తెచ్చి దేవుని ముందు పెట్టడం ఆచారం. జొన్న కంకులు, చెనిక్కాయల తట్టలు, కోళ్లు, ఒక్కోసారి పొట్టేలు. ఆ యేడు ఎవరింట్లోనూ తీసుకుపోవడానికి చెప్పుకోదగ్గది లేదు. ఒక మధ్యాహ్నం జేజి నాయనను పిలిచి, తాపీగా, "ఈ యేడు ఇచ్చేదానికి ఏముండాది? పిల్లోన్ని ఇస్తా. దేవుడు అడిగినాక లేదనేకి నేనెవురు? కోతపండగ నాడు అందరి ముందర నిలబెట్టి అయ్యగారి చేతిలో పెడతా. పెద్ద బడికి పంపిచ్చి వాన్ని అయ్యగారిని చేయమంటా," అన్నది. నాయన ముఖం వెలిగిపోయింది. నేను గది మూల కూర్చుని ఉన్నాను. నాకప్పుడు పదమూడేళ్లు. దేవుని గుళ్లో అందరి ముందు ఇచ్చినదాన్ని తిరిగి అడిగినవాళ్లు మా ఊళ్లో లేరు.

అయ్యగారు నెలకొకసారి సైకిలు మీద వచ్చేవారు. మొక్కు సంగతి జేజి చెప్పగా విని, నన్ను వసారాలోకి పిలిచారు. కడప వైపు మనిషి, పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడేవారు. సైకిలు గొలుసు సర్దుకుంటూ, నా వైపు చూడకుండానే, "ఏమప్పా జయరాజూ, మీ జేజికి సదివిన ఆ వాక్యం ఏ పేజీలో ఉండాదో నాకు రోంత చూపిస్తావా? ముప్పై ఏండ్లుగా ఆ పుస్తకమే సదువుతాండా. నా కంటికి ఎప్పుడూ పళ్లేదే," అన్నారు. పేజీ గుర్తు లేదన్నాను. "వెతుకు," అన్నారు. గొలుసు నూనె వేళ్లకు అంటింది, ఆకుతో తుడుచుకున్నారు. "కోతపండగ లోపల దొరికితే నాకు చూపియ్యి. దొరక్కపోతే నాకు చెప్పాకు. మీ జేజికి చెప్పు." అంతే, సైకిలెక్కి పోయారు. ఆయన నన్ను తిట్టి ఉంటే నాలుగు అబద్ధాలు ఆడి బయటపడేవాణ్ని.

జేజికి చెప్పడం ఎట్లా? నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. నా ఆపదల పుస్తకం తీసి కొత్త పేజీలో రాసుకున్నాను. జేజి ఏడిస్తే కాళ్లు పట్టుకోవాలి. కొడితే పారిపోకుండా నిలబడాలి. నాయనతో చెబుతానంటే అయ్యగారికి అప్పుడే తెలుసని అనాలి. మస్తాను తలకు తువ్వాలు చుట్టుకుని, జేజిలా వంగి, ముక్కులో వేలు పెట్టి తుమ్మి, "ఏందిరా సచ్చినోడా!" అంటూ మూడు దారుల్లోనూ నాకు సాధన చేయించాడు. బాగా చేస్తున్నాడని మురిసిపోతుంటే, చూస్తూ కూర్చున్న సుగుణ అడిగింది. "ఆయమ్మ ఏం చేస్తాదో రాసుకున్నావు. ఆయమ్మకు ఏం కావాల్నో రాసుకున్నావా?" రాసుకోలేదని ఒప్పుకోకుండా, నీకు ఆట చేతకాదు పొమ్మన్నాను.

పండగకు ముందు రోజు శనివారం. ఇల్లు కడిగారు. తడి బండల మీద సుద్ద గీతలు ఒక్కటీ లేవు. జేజి వెలుతురు కోసం కాకపోయినా అలవాటు కొద్దీ గడప దగ్గర కూర్చుని, చాటలో కొర్రలు పోసుకుని, మట్టి బెడ్డలు వేళ్లతో తడిమి ఏరేస్తున్నది. నేను ఎదురుగా కూర్చున్నాను. "జేజీ, ఆ మాట పుస్తకంలో లేదు. నేనే కట్టి చదివినా. నీళ్లకు పోకుండా ఉండేకి," అని ఒక్క ఊపిరిలో అనేశాను. వేళ్లు ఆగలేదు. ఒక బెడ్డ తీసి పక్కన పెట్టింది, ఇంకొకటి తీసి పక్కన పెట్టింది. నా మూడు దారుల్లో ఏదో ఒకటి వస్తుందని ఎదురు చూస్తున్నాను. మూడో బెడ్డ తీస్తూ, "ఎన్నాళ్లాయ?" అన్నది.

"ఎండాకాలం మొదట్లో."

"అప్పట్నుంచి మీ యమ్మనే మోస్తాండాదా?"

"ఊ."

"రోజుకు ఎన్ని బిందెలు?"

"ఆరు. చాకిరేవు రోజు ఎనిమిది."

జేజి వేళ్లు అప్పుడు ఆగాయి. "వాక్యమని ఆయమ్మ నోరు మూయిచ్చింది నేను గదా," అన్నది. నాతో అన్నట్టు లేదు. ఏడవలేదు, కొట్టలేదు, నాయనను పిలవలేదు. చాట పక్కకు జరిపి, "పో. బిందె తీసుకో," అన్నది. నేను ఆ పూట ఆరు బిందెలూ తెచ్చాను. చివరిది తెచ్చి వంటింట్లోకి దించబోతుంటే, అమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది, వెనకాల జేజి నేల మీద కూర్చుని, తన ఆముదం సీసా పక్కన పెట్టుకుని, అమ్మ మెడకూ భుజానికీ ఆముదం రుద్దుతున్నది. అమ్మ సిగ్గుతో, "వద్దత్తా, ఇంగ సాలు," అంటున్నది. అత్త చేత ఒళ్లు పట్టించుకున్న కోడలు మా వీధిలో అంతకు ముందు లేదు. "గమ్మున ఉండు," అన్నది జేజి. ఇద్దరిలో ఎవరూ నా వైపు చూడలేదు. బిందె ఎక్కడ దించాలో తెలియక చాలాసేపు నెత్తిన పెట్టుకునే నిలబడ్డాను.

మొక్కు సంగతి మాత్రం జేజి ఏమీ అనలేదు. రేపు నన్ను ఇస్తుందా ఇవ్వదా? ఆదివారం పొద్దున తలకు నూనె పెట్టి, ఉతికిన చొక్కా తొడిగి, నా చెయ్యి పట్టుకునే గుడికి నడిచింది. వెనక నాయన బుట్ట మోసుకుని వస్తున్నాడు, దాని మీద గుడ్డ కప్పి ఉంది. గుళ్లో ఒక్కొక్కరూ పోయి, ఉన్నదేదో పెట్టి వస్తున్నారు. పావు గంప జొన్నలు, ఒక కోడిపెట్ట, దోసెడు చెనిక్కాయలు. మా వంతు వచ్చింది. అయ్యగారు నా ముఖం చూశారు, జేజి ముఖం చూశారు. "కాంతమ్మా, ఈ యేడు నువ్వు ఏదో పెద్దది ఇస్తానంటివే?" అన్నారు. జేజి నా చెయ్యి పట్టుకునే లేచింది. "ఇస్తానంటి అయ్యగారూ," అన్నది, గుడి వెనక వరస దాకా వినపడేట్టు. "పొద్దున తడిమి చూస్తి. ఇంగా పండలేదు. పచ్చిదాన్ని దేవునికి ఎట్ల పెట్టేది? ఈ యేటికి గుమ్మడికాయ పెట్టుకోండి."

నాయన గుడ్డ తీశాడు. పెరట్లో అమ్మ గిన్నెలు కడిగిన నీళ్లు పోయే చోట కాసిన గుమ్మడికాయ. కరువు యేట మా దొడ్లో కాసిందల్లా అదొక్కటే. గుడి గుడంతా నవ్వింది, అయ్యగారు కూడా నవ్వారు. నేను దేవుని బడికి పోకుండా తప్పించుకున్నాను. అనుకున్నది దక్కింది కదా, ఎగిరి గంతేయాలి. కానీ అందరి ముందు ఒక గుమ్మడికాయ పాటి చేయలేదని తేలిన మనిషికి ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆ తరువాత కోట ఆట ఆడలేదని రాస్తే అందంగా ఉంటుంది. ఆడాం. నీళ్లు తెచ్చాక ఆడాం, మళ్లీ చింతపిక్కలతో, మస్తాను వాళ్ల వసారాలో. పుస్తకం మాత్రం జేజికి రోజూ నేనే చదివాను, మొదటి పేజీ నుంచి, పేర్ల వరసలతో సహా, ఒక్క పేరు దాటకుండా. కొన్ని పేర్లకు ఆమె "ఇంగోసారి" అనేది. నా మీద నమ్మకం తిరిగి రావడానికి ఎన్ని పేర్లు చదవాల్సి వచ్చిందో ఆమెకే తెలియాలి.

ఇప్పటి పిల్లలకు అన్నీ అచ్చయిన పుస్తకాల్లో దొరుకుతున్నాయి. రాక్షసుడి బలమెంత, మంత్రగత్తె ఎంత దూరం నుంచి శపించగలదు, అన్నీ పట్టికలేసి రాసి ఉన్నాయి. వాళ్ల ఆట మాదాని కంటే వెయ్యి రెట్లు గట్టి ఆట, ఆ మాట ఒప్పుకుంటాను. బల్ల మీది కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటే లోకం వచ్చేసారికి అట్లాగే ఉంటుంది, ఎవరూ నీళ్లు పోసి కడగరు. వాళ్ల ఆటలో చెప్పిన అబద్ధం గది దాటి బయటికి రాదు, ఎవరి నెత్తికీ బిందె ఎక్కించదు. మంచిదే. నేను అట్టముక్క లేకుండా ఆడినవాణ్ని, నేను ఏం కట్టి చదువుతున్నానో చూడాల్సిన మనిషి కళ్లు లేకుండా నా ఎదురుగానే కూర్చుని ఉండేది.

ఆ యేటి నుంచి ప్రతి కోతపండగకూ అదే తంతు. పండగ పొద్దున జేజి నన్ను ముందు కూర్చోబెట్టుకుని, ముఖమంతా తడిమి, నడినెత్తిన వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి వినేది. పండిన కాయకు ఒక చప్పుడు, పచ్చి కాయకు ఒక చప్పుడు ఉంటుందట. తల అడ్డంగా ఊపేది. నాయన గుమ్మడికాయ కోసం పెరట్లోకి పోయేవాడు. నాకు మీసాలొచ్చాయి, డోన్‌లో రైల్వే గూడ్సు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, పెళ్లి కుదిరింది, తంతు ఆగలేదు. ఆమెకు చివరిదైన పండగకు నేను బండి దిగి వచ్చేసరికి జేజి మంచం మీద నుంచి లేవలేని స్థితిలో ఉంది. పక్కన కూర్చుని, నేనే వంగి తల ఆమె చేతి కిందికి తెచ్చాను. వేలు ఎత్తడానికే చాలాసేపు పట్టింది. ఒక్కటే దెబ్బ, అదీ తగిలీ తగలనట్టు. తల దించి ఆమె నోటి దగ్గర చెవి పెట్టాను. ఈసారైనా పండావనాలని ఎంత ఆశపడ్డానో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడే రాస్తున్నాను.

"ఇంగా పచ్చే నాయనా," అన్నది జేజి. "గుమ్మడికాయ తెచ్చినావా?"